మలుపుల్లో మాత్రమే మోగే పన్ను

విప్పేశ్వర్రావు అన్నది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పదేళ్ళ వయసులో ఇంట్లో గోడగడియారం విప్పి, మళ్ళీ బిగించి, ఆరు మరలు మిగిల్చినందుకు బళ్ళో పిల్లలు పెట్టిన పేరు. గడియారం ఆ తర్వాత కూడా నడిచింది, కాకపోతే వెనక్కి. అసలు పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

ఉద్యోగం కూడా తగ్గట్టే దొరికింది. తోటల్లో నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ 'విప్పవయ్యా' అనే పని లోకంలో ఇదొక్కటేనని అతని నమ్మకం.

భార్యది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని. బడి పుస్తకాలు, మందుల చీటీలు, మిక్సీ డబ్బాల్లో పెట్టే కాగితాలు, అచ్చయ్యేదేదైనా ముందు ఆవిడ ఎర్ర పెన్సిలు కింద నుంచి దూరి రావలసిందే. సబ్బు కొన్నా పై కాగితం ఆసాంతం చదివితే గానీ ఒంటికి రాసుకోదు. ఆయన విప్పుతాడు, చదవడు. ఆవిడ చదువుతుంది, విప్పదు. పదిహేడేళ్ళుగా ఆ సంసారం ఈ రెండు చక్రాల మీదే నడుస్తోంది.

కొత్త పికప్ బండి ఇంటికొచ్చిన రోజున ఆవిడ తాళాలు చేతికివ్వకుండా ఒక తెల్ల కాగితం చేతికిచ్చింది.

"ఏమండీ, వారంటీ మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ ఈ బండికి ఒక్క బోల్టు కూడా విప్పనని రాసి సంతకం పెట్టండి."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మాట మీద ఉంది. చేతుల మీదే లేదు."

ఆవిడ తప్పు లేదు. అంతకు ముందున్న వ్యానుని అతను 'కొంచెం సరిచేద్దాం' అని విప్పి విప్పి చంపేశాడు. ఆ తర్వాత రెండేళ్ళు పంపు సామాను భుజాన వేసుకుని బస్సులెక్కాడు. ఆ రెండేళ్ళలో ఒక భుజం రెండంగుళాలు కిందికి దిగింది. అందుకని బుద్ధిగా సంతకం పెట్టాడు. ఆవిడ ఆ కాగితాన్ని వారంటీ పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని బీరువాలో పెట్టింది. అరవై నాలుగు పేజీల ఆ పుస్తకాన్ని మొత్తం చదివిన మనిషి భూమ్మీద ఆవిడొక్కతే. రాసినాయన కూడా మళ్ళీ చదువుకుని ఉండడని, అన్ని తప్పులున్నాయని ఆవిడ అనుమానం.

ఏడాదిన్నర సజావుగా గడిచింది. అప్పుడు వానలొచ్చాయి.

కొండవాలు మీద ఒక పెద్ద తోట ఉంది. అక్కడి పన్నెండు పంపుల పని విప్పేశ్వర్రావుదే. ఆ దారిలో బండి నాలుగుసార్లు బురదలో దిగబడింది. నాలుగుసార్లూ తోట యజమాని ట్రాక్టరు పంపి లాగించాడు. నాలుగోసారి, "పంపులు బాగుచేసే మనిషి కావాలి గానీ, రోజూ మేం బాగుచేసే మనిషి ఎందుకయ్యా?" అన్నాడు.

ఆ మాట గుచ్చుకున్న మాట నిజమే. అంతకంటే లోతుగా గుచ్చుకున్నది ఇంకొకటుంది. బండి దిగబడినప్పుడు వెనక చక్రాల్లో ఒకటి గిరగిరా తిరిగి ముఖం నిండా బురద కొట్టింది. రెండోది కదలకుండా నిలబడింది. ఒకే ఇరుసు, ఒకే ఇంజను. ఒకటి తిరిగి రెండోది ఎందుకు తిరగదు? లోపల ఏముంది? ఆ ప్రశ్న అతనితో పాటు ఇంటికొచ్చింది, అతనితో పాటు భోజనానికి కూర్చుంది.

"ఏమోయ్, బురదలో ఒక చక్రం తిరుగుతుంటే రెండోది ఊరికే ఎందుకు నిలబడుతుందో తెలుసా?"

"మన ఇంట్లో ఉన్నదేగా. ఒకళ్ళం తిరుగుతాం, ఒకళ్ళు నిలబడి చూస్తారు."

"అది కాదోయ్. రెండూ కలిసి తిరిగేట్టు చేసే సామాను బయట దొరుకుతుందట."

ఆవిడ కంచంలోంచి తలెత్తింది. "బయట సామాను వేయించి, ఆ సంగతి కంపెనీవాళ్ళకి దొరికితే మొత్తం బండికే వారంటీ పోతుంది. రేపు గేరుబాక్సు పోయినా ఇంజను పోయినా మనమే ఏడవాలి. మళ్ళీ బస్సెక్కుతారా? ఇంకో భుజం కూడా దించుకుంటారా?"

విప్పేశ్వర్రావు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. కానీ కుక్క తోకకి ఎన్నాళ్ళు రోకలి కడితే మాత్రం ఏం లాభం?

ఊరి చివర బురద బాబాయి దుకాణముంది. కొండలూ గుట్టలూ ఎక్కే బళ్ళకి కావలసిన హంగులన్నీ అతని దగ్గర దొరుకుతాయి. అతని ఒంటి మీద బురద లేని చోటు కళ్ళొక్కటే. విప్పేశ్వర్రావు కష్టం చెప్పగానే, ఎత్తు పెంచే స్ప్రింగులు, మొసలి వీపులాంటి టైర్లు, ముందర తాడు చుట్టే మిషను, అన్నీ వరసగా చూపించాడు.

"కనబడేవి వద్దు బాబాయ్. మా ఆవిడ కామా మారితేనే కనిపెడుతుంది. టైరు మారితే ఊరుకుంటుందా?"

"అలా చెప్పు అబ్బాయ్. అయితే నీకు లాకు పడాలి." బాబాయి బండి కింద దూరి, వెనక ఇరుసు మధ్యలో పుచ్చకాయలా ఉబ్బిన ఇనప డబ్బా మీద తట్టాడు. "దీని లోపల కూర్చుంటుంది. ఒక చక్రం జారితే రెండోదాన్ని కూడా పట్టి తిప్పుతుంది. పైకి దేవుడిక్కూడా కనబడదు."

"మరి వారంటీ?"

"సర్వీసుకి వెళ్ళే ముందు రోజు నా దగ్గరికి తీసుకురా. ఇది తీసి పాతది పెడతా. సర్వీసయ్యాక అది తీసి ఇది పెడతా. ఇలా జరుగుతున్న బళ్ళు నా దగ్గర పాతికున్నాయి."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, విప్పేశ్వర్రావు తన సంతకానికి ఒక సందు వెతికాడు. తను రాసిచ్చింది 'విప్పను' అని. బాబాయి విప్పితే తను విప్పినట్టెలా అవుతుంది? చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. డబ్బా మూత ఊడి, లోపల నూనెలో పళ్ళచక్రాలు తళతళలాడుతుంటే, మిఠాయి దుకాణం ముందు చేతులు కట్టేసిన పిల్లాడిలా మూడు గంటలు నిలబడ్డాడు. అతని జన్మలో అంతటి తపస్సు ఇంకొకటి లేదు.

లాకుతో పాటు ఒక అచ్చు కాగితం కూడా ఇచ్చాడు బాబాయి. విప్పేశ్వర్రావు దాంతో ముక్కు మీద పడ్డ నూనె తుడుచుకుని పారేశాడు.

ఆ సాయంత్రం భార్యని అచ్చాఫీసు దగ్గర ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో అత్తగారు ఉంది. ఆవిడకి కూతురి ఇంట్లో ఉండటం కంటే అల్లుడి బండిలో ఉండటం ఇష్టం. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ముందు ఎక్కి కూర్చుంటుంది.

మొదటి మలుపు తిప్పాడు.

టక్. టక్. టక్.

శబ్దం వెనక ఇరుసులోంచి వచ్చి, సీటు కింద నుంచి పాకి, సరిగ్గా అతని గుండెలో ఆగింది.

"ఏంటండీ ఆ టకటక?" అంది భార్య.

అబద్ధం చెప్పేవాడికి ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. మలుపులో ఉండదు. "నేనే. పంట్లో ఏదో ఇరుక్కుంది. నాలుకతో లాగుతున్నా," అని, నాలుక అంగిట్లో కొట్టి ఇంకో మూడు టకటకలు వినిపించాడు.

"ఓహో," అందావిడ. ఆ 'ఓహో' కొంచెం పొడుగ్గా ఉన్నట్టు అతనికి తోచింది గానీ, ఎదురుగా రెండో మలుపు ఉండటంతో పట్టించుకునే తీరిక లేకపోయింది.

ఆ రోజు నుంచి అతని సుఖం మలుపుల పాలైంది. అచ్చాఫీసు నుంచి ఇంటికి ఏడు మలుపులు. మూడు రోజులు వెతికి, మూడే మలుపులున్న దారి కనిపెట్టాడు. పది నిమిషాల ప్రయాణం నలభై నిమిషాలైంది.

"ఎందుకండీ ఊరి పొలిమేరంతా తిప్పుతున్నారు?"

"గాలి బాగుంటుందని."

ఆ మూడు మలుపుల్లోనూ నాలుక కొడుతూనే ఉన్నాడు. చక్రం ఎన్నిసార్లు మోగుతుందో అన్నిసార్లూ కొట్టాలి, ముందు కొట్టకూడదు, వెనకబడకూడదు. రెండు వారాలు తిరిగేసరికి అతని నాలుక మద్దెల వాయించేవాడి వేళ్ళలా తయారైంది.

అత్తగారికి మనసు ఆగలేదు. "బాబూ, పంటి సంగతి అశ్రద్ధ చేయకూడదు," అని పొద్దున ఉప్పునీళ్ళు, మధ్యాహ్నం లవంగం, సాయంత్రం ఏదో చేదు కషాయం మొదలుపెట్టింది. భార్య అంతకంటే శ్రద్ధ చూపించింది. "నమిలితే కదులుతుందేమో," అని కంచంలోంచి నమిలేవన్నీ తీసేసి పల్చటి జావ పోసింది. పదమూడు రోజులు జావ. కొండ మీది తోటలో పనివాళ్ళు పెట్టే భోజనమే లేకపోతే ఆ నెలలో అతను చొక్కా తగిలించే చిలక్కొయ్యగా మాత్రమే పనికొచ్చేవాడు.

ఆ తోట దారిలో మాత్రం, ఆహా! బురదలో రెండు చక్రాలూ కలిసి పట్టి లాగుతుంటే, బండి ఏ ట్రాక్టరు సాయమూ లేకుండా చకచకా పైకెళ్ళిపోయేది. తోట యజమాని, "ఏం మాయ చేశావయ్యా?" అని అడిగాడు. అంత గొప్ప సంగతి ఇంటికెళ్ళి చెప్పుకోవలసింది ఒకే ఒక్క మనిషికి. ఆ మనిషికే చెప్పకూడదు. విప్పేశ్వర్రావుకి అది జావ కంటే చప్పగా ఉండేది.

ఇరవై తొమ్మిదో రోజున భార్య పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను వద్దన్నాడు, బతిమాలాడు, పంపుల పనుందన్నాడు. "నెల్లాళ్ళ నుంచి మోగుతున్న పన్నుని ఇంట్లో పెట్టుకుని నేను ప్రూఫులెలా దిద్దను?" అందావిడ.

పళ్ళ డాక్టరు పెద్దావిడ. అద్దం నోట్లో పెట్టి అడిగింది, "శబ్దం ఎప్పుడొస్తుంది?"

"మలుపుల్లో," అన్నాడు విప్పేశ్వర్రావు.

"దేని మలుపుల్లో?"

"రోడ్డు మలుపుల్లో."

"నడుస్తూ మలుపు తిరిగితే?"

"రాదండీ."

"బస్సులో?"

"రాదండీ. సొంత బండిలోనే."

డాక్టరు అద్దం బయటికి తీసింది. అంతకాలం పళ్ళు చూసినా అలాంటి పన్ను ఆవిడకి తగల్లేదు. ఆసక్తి పెరిగి, అతన్ని కూర్చోబెట్టిన కుర్చీనే ఎడమవైపుకి గిర్రున తిప్పింది. నోరు తెరిచి ఉండగానే విప్పేశ్వర్రావు ఎలాగో మూడు టకటకలు కొట్టాడు. కుడివైపు తిప్పింది. మళ్ళీ కొట్టాడు.

"కుడివైపు తిప్పితే ఇంకోటి ఎక్కువ రావాలండీ," అంది భార్య పక్క నుంచి. "నేను లెక్కపెట్టాను."

అతను ఇంకోటి కొట్టాడు.

"వింతగా ఉంది," అంది డాక్టరు. "చివర జ్ఞానదంతం ఒకటి పుచ్చింది. శబ్దానికీ దానికీ సంబంధం ఉందని చెప్పలేను. ఎప్పటికైనా తీయించాల్సిందే, తొందరేం లేదు."

భార్య అతని దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "ఏమండీ, ఇంకేమైనా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పండి. డాక్టరు దగ్గరా నా దగ్గరా దాచకూడదు."

అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పన్ను నిజంగానే పుచ్చిందంటే, ఇరవై తొమ్మిది రోజుల అబద్ధం ఒక్క పూటలో నిజమైపోయినట్టే కదా! "చెప్పేదేం లేదు. తీసేయండి డాక్టరు గారూ. ఇప్పుడే తీసేయండి," అన్నాడు వీరుడిలాగా.

సూది మందు ఎక్కి సగం మొహం మొద్దుబారాక అసలు సంగతి తట్టింది. పన్ను పోతుంది. పన్నుతో పాటు సాకూ పోతుంది. శబ్దం పోదు. "ఆ... ఆ..." అని లేవబోయాడు. నాలుక సహకరించలేదు. "భయపడకండి," అని డాక్టరు భుజం పట్టుకుని పడుకోబెట్టి పని కానిచ్చింది. జ్ఞానదంతం పోతూ పోతూ కాస్త జ్ఞానం ఇచ్చి పోయింది.

తిరుగు ప్రయాణంలో భార్య బండి నడిపింది. విప్పేశ్వర్రావు నోటి నిండా దూదితో పక్కన కూర్చున్నాడు. మొదటి మలుపు వచ్చింది. నాలుక కొట్టబోయాడు. అది అక్కడుందో లేదో కూడా తెలియలేదు.

టక్. టక్. టక్.

"అయ్యయ్యో!" అని వెనక నుంచి అత్తగారు. "ఇంకా మోగుతోందే! ఆ డాక్టరమ్మ మంచి పన్ను పీకేసినట్టుంది. తిప్పవే బండి వెనక్కి!"

భార్య బండి తిప్పింది. నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రటి దిమ్మె చుట్టూ ఒకసారి తిప్పింది, రెండోసారి తిప్పింది, మూడోసారీ తిప్పింది. చుట్టు చుట్టుకీ టకటకటకటక. విప్పేశ్వర్రావు కళ్ళు మూసుకున్నాడు.

ఇంటి ముందు ఆపాక ఆవిడ దిగలేదు. సంచిలోంచి కాగితం, ఎర్ర పెన్సిలు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"మాట్లాడలేరుగా. రాయండి."

అతను రాశాడు. లాకు గురించి, బాబాయి గురించి, చేతులు వెనక్కి కట్టుకోవడం గురించి అంతా రాశాడు. లాకు బొమ్మ కూడా వేశాడు. బొమ్మ వేసేటప్పుడు మాత్రం చెయ్యి హుషారుగా కదిలింది. చివర 'నేను విప్పలేదు' అని రాసి కింద గీత గీశాడు. ఆవిడ చదివి ఆ చివరి వాక్యం కొట్టేసింది. బొమ్మని మాత్రం చాలాసేపు చూసింది.

"అంటే ఇది రెండు చక్రాల్నీ కలిపి పట్టుకుంటుందన్నమాట. బాగానే ఉంది," అని, కాగితం మడిచింది. గొంతు మారింది. "బోల్టు విప్పించారని కాదండీ నా బాధ. పన్నైనా పీకించుకున్నారు గానీ, నాతో ఒక్క మాట చెప్పలేకపోయారు. నేనంత రాక్షసినా?"

విప్పేశ్వర్రావుకి మత్తు ఎక్కని సగం మొహం కూడా మొద్దుబారింది. సిగ్గేసింది. పదిహేడేళ్ళలో ఆవిడ తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. కాగితం మళ్ళీ లాక్కుని, 'రాక్షసివి కాదు. నువ్వు వద్దంటే ఆగాల్సొస్తుందని చెప్పలేదు. తప్పు నాదే' అని రాశాడు. ఆవిడ అందులో ఏ దిద్దుబాటూ చేయలేదు.

మరునాడు పొద్దున్నే ఆవిడ వారంటీ పుస్తకం, అతని చేత మూడుసార్లు తిరగ రాయించిన ఉత్తరం పట్టుకుని సర్వీసు సెంటరుకి బయల్దేరదీసింది. అత్తగారు అప్పటికే వెనక సీట్లో ఉంది. ముప్పయ్యో రోజు అది.

మేనేజరు ఉత్తరం చదివి, "బయట సామాను వేయిస్తే మొత్తం వారంటీ..." అని మొదలుపెట్టాడు.

"నలభై ఒకటో పేజీ, మూడో పేరా చూడండి," అంది ఆవిడ. "బయట సామాను వేయించిన ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా తెలిపి, బండి మీకు చూపిస్తే, ఆ సామాను తగిలే భాగానికే వారంటీ పోతుంది. మిగతా బండికి ఉంటుంది. చెప్పకుండా దాచి దొరికితేనే మొత్తం పోయేది."

మేనేజరు తన పుస్తకాన్ని జీవితంలో మొదటిసారి నలభై ఒకటో పేజీ దాకా చదివాడు. బండి కింద చూశాడు, లాకు బాగానే బిగించారన్నాడు, ఉత్తరం మీద ముద్ర కొట్టాడు. వెనక ఇరుసుకి వారంటీ పోయింది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మిగతా అన్నిటికీ నిలిచింది. విప్పేశ్వర్రావు నెల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నాకొక్క సందేహం మేడం," అన్నాడు మేనేజరు. "ఇంత శబ్దం వస్తుంటే నెల్లాళ్ళూ మీకు తెలియకుండా ఎలా దాచారు?"

"తెలియలేదని ఎవరన్నారు? మొదటి మలుపులోనే తెలుసు. 'మలుపుల్లో టకటక శబ్దం వచ్చును, కంగారు పడరాదు' అని లాకుతో ఒక కాగితం ఇస్తారు. అది మా అచ్చాఫీసులోనే అచ్చయింది. నేనే దిద్దాను." భర్త వైపు తిరిగింది. "ఇవాళ చెబుతారేమో, రేపు చెబుతారేమో అని చూశాను. గడువు దాటనివ్వకూడదుగా. అందుకే డాక్టరుని ఇరవై తొమ్మిదో రోజుకి అడిగాను."

విప్పేశ్వర్రావుకి తను ముక్కు తుడుచుకున్న కాగితం కళ్ళ ముందు ఆడింది. మింగాలన్నా కక్కాలన్నా నోట్లో జావ కూడా లేదు.

తిరిగొస్తుంటే అతనే నడిపాడు. దారిలో ఆవిడ చాలా మామూలుగా అంది. "ఏమండీ, ఇక మన మధ్య దాపరికాలొద్దు. ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయిగా. నేనడగడం కాదు, మీ అంతట మీరే చెబితే బాగుంటుంది."

అన్నీ తెలిసిన మనిషి దగ్గర దాచి ఏం ప్రయోజనం? వాచిన బుగ్గతోనే అతను మొదలుపెట్టాడు.

"ఆ ఇస్త్రీ పెట్టె... వేడి ఎందుకు తగ్గుతుందో చూద్దామని విప్పాను. అందుకే నీ పట్టుచీర మీద మచ్చ."

"ఊఁ."

"అత్తయ్యగారి రేడియో. ఆ స్టేషను మూసేశారని చెప్పాను. మూసెయ్యలేదు."

వెనక సీట్లో ఏదో కదిలింది.

"మీ పిన్ని ఇచ్చిన కుట్టు మిషను. ఇంటివాళ్ళ కాలింగ్ బెల్లు. నీ కళ్ళజోడు మర కూడా నేనే... అదైతే వెంటనే బిగించేశాను. ఇక స్నానాల గది పక్కనున్న బరువు చూసుకునే మిషను. స్ప్రింగు ఎలా ఉంటుందో చూద్దామని విప్పాను. అప్పట్నుంచి నాలుగు కిలోలు తక్కువ చూపిస్తోంది."

ఆ మిషను మాట నమ్మి ఆవిడ నాలుగు నెలలుగా, తగ్గానన్న సంతోషంలో, రోజూ రెండోసారి అన్నం వడ్డించుకుంటోంది. కొత్త జాకెట్లు కూడా ఒక సైజు తక్కువ కుట్టించింది.

"పక్కన ఆపండి," అంది.

అతను ఆపాడు. "అన్నీ తెలుసుగా నీకు," అన్నాడు బెరుగ్గా.

"నాకు తెలిసింది లాకు ఒక్కటేనండీ."

ఆవిడ తీరిగ్గా సంచిలోంచి కొత్త కాగితం తీసి, ఎర్ర పెన్సిలు మొన చూసుకుని, పైన 'ఒకటి' అని వేసింది.

"మొదట్నుంచి నెమ్మదిగా చెప్పండి. పెళ్ళైన రోజు నుంచి."

"ముందు నా రేడియో సంగతి రాయవే," అంది అత్తగారు.